ఏడేళ్ల అనుభవం, పన్నెండు కథలు

నా గురించి నేను నాలుగు ముక్కలు చెప్పుకోవాల్సి వస్తే ఇప్పటికీ ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాను. ఇరవయ్యారేళ్ల వయసులో అయితే ఆ సవరించుకోవడం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. అప్పట్లో నాకు తెలిసిన పరిచయాలు రెండే రకాలు. ఒకటి ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పేది. అది ఎంత గొప్పగా ఉండేదంటే, చెబుతున్నంతసేపూ ఈ మనిషెవరో ఒకసారి కలవాలని నాకే అనిపించేది. రెండోది ఆదివారం తెలుగు చర్చిలో కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడి చెప్పేది. పేరు, ఊరు, అందరికీ వందనాలు, అంతే, కూర్చోవడం. ఒకసారి మాత్రం ఈ రెండూ కాని పరిచయం ఒకటి రాయాల్సి వచ్చింది. పది లైన్లు రాయమన్నారు. ఆ పది లైన్లు నన్ను పెట్టిన తిప్పలు ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ మేనేజరూ పెట్టలేదు.

అప్పుడు నేను న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాణ్ణి. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు అపార్ట్‌మెంట్లు. మొదటి నెలలోనే రెండుసార్లు వేరేవాళ్ల తలుపుకి నా తాళం పెట్టి తిప్పాను. (రెండోసారి తలుపు తీసిన ఆంటీ, "నువ్వుండేది వెనక బ్లాకు నాయనా" అని తనే దారి చూపించింది.) ఇంట్లో నాతోపాటు ఉండేది రెజ్యుమే అన్న. ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఉద్యోగాలు వెతుక్కునే కుర్రాళ్లందరూ రెజ్యుమేలు పట్టుకుని వచ్చి మా సోఫా మీద వరసగా కూర్చునేవారు. ఆయన ఒక చేత్తో టీ తాగుతూ ఇంకో చేత్తో వాళ్ల జీవితాలను దిద్దేవాడు. "చూశాను" అని ఉంటే "పర్యవేక్షించాను" అయ్యేది. "మేం ఆరుగురం కలిసి చేశాం" అని ఉంటే "నేను ముందుండి నడిపించాను" అయ్యేది. మనసు వెన్న. ఎవరైనా జ్వరం అంటే తనే మిరియాల చారు పెట్టి పట్టుకెళ్లేవాడు. కానీ ఎవరైనా తమ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే మాత్రం ఆయనకి ఒళ్లు మండిపోయేది.

ఆయనకే కాదు, ఎవరికీ తెలియని గుట్టు ఒకటి నా ల్యాప్‌టాప్‌లో ఉండేది. మా ఊళ్లో కోర్టు గోడ పక్కన చెక్కబల్ల వేసుకుని, టైపు మిషన్ మీద ఊళ్లోవాళ్ల అర్జీలు కొట్టే ఆయన ఒకాయన ఉండేవాడు. ఆయన మీద కథ రాశాను. పదకొండు పేజీలు. ఎవరి కంటా పడకూడదని "హెల్త్ ఇన్సూరెన్స్ ఫారాలు" అనే ఫోల్డర్‌లో దాచాను. (ఆ పేరున్న ఫోల్డర్‌ని తెరిచే ధైర్యం అమెరికాలో ఎవరికుంటుంది?) ఎవరి కంటా పడకూడదని దాచానన్నానా, అది సగం అబద్ధం. ఎవరో ఒకరు చదవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. ఒక్కరు చాలు. చదివి, బాగుందో బాగాలేదో, ఎక్కడ విసుగొచ్చిందో చెబితే చాలు. రెండు పత్రికలకి పంపాను. ఉలుకూ పలుకూ లేదు. ఒకసారి ధైర్యం చేసి అన్న దగ్గర కదిపాను కూడా. "కథనా? మంచిగుంటది తమ్మీ, చదువుత. ఎన్ని పేజీలు?" అన్నాడు. "పదకొండు" అన్నాను. "వన్ పేజ్ సమ్మరీ జేసి పంపరాదు" అన్నాడు. ఇక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలాంటి సమయంలో ఇంటర్నెట్‌లో ఒక గుంపు కనిపించింది. అమెరికాలో అక్కడక్కడా ఉంటూ తెలుగులో రాసే కుర్రకారు అంతా ఒకచోట చేరి, తమ రాతలు పెట్టుకుంటారట. ప్రతి శనివారం ఉదయం వీడియోలో కలిసి వాటి గురించి మాట్లాడుకుంటారట. చదవగానే చేరిపోదామని కూర్చున్నాను. చేరాలంటే ముందు మూడు పేజీల నిబంధనలు వచ్చాయి. వాటి కింద చిన్న గడి, పక్కన "చదివాను, అంగీకరిస్తున్నాను" అని ఉంది. మా వృత్తిలో ఉన్నవాళ్లెవరూ అలాంటివి చదవరు. రాసేవాళ్లమే చదవం. ఆ గడిలో టిక్కు పెట్టడానికి నాకు పట్టింది ఒక్క సెకను. ఆ ఒక్క సెకనే నా కొంప ముంచింది.

తరువాత ఇంకో పెట్టె తెరుచుకుంది. "మీ పరిచయం, పది లైన్లకు మించకుండా." సోఫా మీద గంటసేపు కూర్చున్నాను. గంట తరువాత తెర మీద ఉన్నవి ఇవి: "ప్లెయిన్స్‌బరోలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒక్క కథ రాశాను. ఇంతవరకు ఎవరూ చదవలేదు. మీరు చదువుతారా?" పంపుదామా వద్దా అని వేలు అటూ ఇటూ ఆడిస్తుండగా వెనక నుంచి టీ వాసన వచ్చింది. తిరిగి చూస్తే అన్న. నా భుజం మీదుగా మొత్తం చదివేశాడు.

"గిదేంది తమ్మీ? గిది పరిచయమా, అడుక్కునుడా?"

"రచయితల గుంపు అన్నా. ఉన్నదే రాశాను."

"ఉన్నది ఎవడన్న రాస్తడార? జర అటు జరుగు." నన్ను పక్కకి జరిపి కూర్చున్నాడు. "మొట్టమొదలు ఎప్పుడు రాసినవ్?"

"ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో. కాలేజీ గోడపత్రికకి నాలుగు లైన్లు."

"లెక్కబెట్టు. ఏడేండ్లాయె. అంటే ఏడేండ్ల అనుభవం." టకటకా కొట్టేశాడు. "ఆ ఒక్క కథను ఎన్నిసార్లు తిరగరాసినవ్?"

"పన్నెండుసార్లు."

"పన్నెండు వెర్షన్లు. ఒక్కొక్కటి ఒక డెలివరీ. పన్నెండు కథలు."

"అన్నా, అవన్నీ ఒకే కథ కదా!"

"వాళ్లకేం ఎర్క? పత్రికలకు పంపినవా?"

"రెండిటికి పంపాను. జవాబు రాలేదు."

"జవాబు వాళ్లియ్యలే. నువ్వైతే పంపినవ్ గద. పలు పత్రికలతో కలిసి పనిచేసిన అనుభవం." అలా పది లైన్లూ నింపాడు. చివర్లో "గడువులోగా నాణ్యమైన కథలను అందించగల సామర్థ్యం, ఒత్తిడిలోనూ చెదరని ఏకాగ్రత" అని కూడా చేర్చాడు. వద్దు అనడానికి నోరు తెరిచాను. నిజం చెప్పాలంటే, పూర్తిగా తెరవలేదు. ఎందుకంటే ఆ పది లైన్లు చదువుతుంటే నాకు లోలోపల బాగానే ఉంది. ఒక్క కథ, అదీ ఎవరూ చదవనిది, అని చెప్పుకునే కుర్రాడికంటే ఈ పెద్దమనిషి కథనే వాళ్లు ముందు చదువుతారనిపించింది. మీట నొక్కింది అన్న అని తరువాత చాలామందికి చెప్పాను. నొక్కింది నేనే.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఆ గుంపు నడిపే ఆవిడ కాలిఫోర్నియాలో డబ్లిన్ ఊళ్లో ఉండేది. అందరూ అడ్మిన్ అక్క అనేవారు, నేనూ అలాగే అంటాను. ఆవిడ రాసినది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "నమస్కారం సార్. మీ పరిచయం చదివి మా అందరికీ చాలా సంతోషం వేసింది. మీరు మా మొదటి రూల్ చూసినట్టు లేరు. ఇంతవరకు ఒక్క రచన కూడా అచ్చుకాని వాళ్లే మా సభ్యులు. కొత్త సభ్యుల మొదటి రచనని అందరం చదివి ఆ శనివారం దాని గురించే మాట్లాడుకుంటాం. మీకు ఆ అవసరం లేదు కదా! కానీ మీలాంటి అనుభవజ్ఞులు మాకు దొరకడం అదృష్టం. దయచేసి మాకు మార్గదర్శిగా ఉండండి. మా రాతలు మీరు చదివి పెట్టండి."

మళ్లీ చదివాను. ఉన్నదున్నట్టు పంపి ఉంటే, వచ్చే శనివారానికల్లా పదిహేనుమంది నా కథ చదివేవారు. అందరూ నాలాంటివాళ్లే. ఆ గుంపు పెట్టిందే నాలాంటివాళ్ల కోసం. అబద్ధం చెప్పి లోపలికి వెళ్లాను, వెళ్లాక చూస్తే నా కథకి తప్ప అందరి కథలకీ చోటుంది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అన్నకి చూపిస్తే ఆయన సంతోషం పట్టలేక నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "చూసినవా? జాయిన్ గాకముందే లీడ్ రోల్!"

అలా శనివారాలు మొదలయ్యాయి. ఉదయం పదకొండింటికి (కాలిఫోర్నియావాళ్లకి ఎనిమిది) ఇస్త్రీ చొక్కా వేసుకుని, కింద మాత్రం పైజామాతోనే, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. "సార్ ఏమంటారో?" అని అడ్మిన్ అక్క నావైపు తిరిగేది. నేను గడ్డం నిమురుకుని, "పాత్ర ఇంకా లోతుగా రావాలి" అనేవాణ్ణి. ఎవరి కథకైనా సరే ఆ మాట అతికినట్టు సరిపోయేది. గడ్డం నిమిరే చెయ్యి తెరలో బాగా కనిపించేలా ముందే చూసుకునేవాణ్ణి కూడా. ముఖం ఎక్కువ కనపడకుండా కిటికీకి వీపుపెట్టి కూర్చునేవాణ్ణి, వయసు తెలిసిపోతుందని. కొత్తగా చేరిన ఒకబ్బాయి కథ గురించి ఒక శనివారమంతా మాట్లాడారు. ఏ వాక్యం దగ్గర ఎవరికి నవ్వొచ్చిందో, ఎవరికి వాళ్ల మేనత్త గుర్తొచ్చిందో చెప్పుకున్నారు. ఆ అబ్బాయి ముఖం ఎర్రగా కందిపోయి, కళ్లు మెరిసిపోయాయి. నేను గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాను. అంత కుళ్లు నాకు జీవితంలో ఇంకెప్పుడూ రాలేదు.

మూడో వారం ఫ్రీమాంట్ పాప (అదీ కాలిఫోర్నియాలో ఊరే) కథ నాకు వచ్చింది. పాప అంటే చిన్నపిల్ల కాదు, పంతొమ్మిదేళ్లు, కాలేజీలో చదువుతోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు రాయడం తనంతట తనే నేర్చుకుందట. మూడు పేజీల కథ. వాళ్ల నాన్న ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాటులో తనకి డ్రైవింగ్ నేర్పిస్తాడు. ఇంట్లో సగం ఇంగ్లీషులో మాట్లాడే ఆ నాన్న, కారు కదలగానే పూర్తి తెలుగులోకి దిగిపోతాడు. "ఓరి నాయనో, ఆపవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను, ఆపు!" ఆ పిల్ల ఒక్కో ఆదివారం ఒక్కో కొత్త తెలుగు మాట నేర్చుకుని ఇంటికెళ్లి రాసుకుంటుంది. చివరికి, "నాన్న దయ వల్ల నాకు తెలుగు వచ్చింది. డ్రైవింగ్ ఇంకా రాలేదు" అంటుంది. ఆ లైను దగ్గర నేను ఆఫీసు క్యాంటీన్‌లో పైకే నవ్వేశాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు తిరిగి చూశారు. కథ అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చదివాను.

మరి ఆ మాట ఆ పిల్లకి చెప్పాలి కదా! చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం కుళ్లు కొంత, ఉద్యోగం కొంత. మా ఆఫీసులో ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి, తప్పులు వెతికి, పక్కన కామెంట్లు పెట్టాలి. "బాగుంది" అని ఊరుకుంటే చదవలేదని అర్థం. ఎన్ని కామెంట్లు పెడితే అంత సీనియర్ అని లెక్క. నాకు ఒకరి రాత చదవడమంటే తెలిసింది అదొక్కటే. ఏడేళ్ల అనుభవం ఉన్నవాడు తక్కువ పెడితే ఏం బాగుంటుంది? నలభై ఒక్క కామెంట్లు పెట్టాను. "నాన్న సీట్ బెల్ట్ రెండుసార్లు చూసుకున్నాడన్నారు, ఒకసారి చాలదా?" "కారు రంగు ముందే చెప్పాలి." "బ్రేకు పడకపోతే ఏమవుతుందో ఆలోచించారా?" ముగింపు దగ్గర, నేను నవ్విన ఆ లైను దగ్గరే, "ఇంకా బలంగా ఉండాలి" అని పెట్టాను. పంపేసి, పని పూర్తిచేసినవాడిలా వెళ్లి కాఫీ తెచ్చుకున్నాను.

రెండు రోజుల తరువాత, శనివారం రాత్రి జవాబు వచ్చింది. "థాంక్యూ అంకుల్. మీ కామెంట్స్ అన్నీ చదివా. మీరు చాలా టైమ్ పెట్టారు, సారీ. నాకు తెలుగు సరిపోదు అని అర్థమైంది. ఇంక రాయను అనుకుంటున్నా." గుంపులో చూస్తే ఆమె కథ లేదు, తీసేసింది. ఆ వెనకే అడ్మిన్ అక్క మెసేజి వచ్చింది. "సార్, పాప గ్రూపులోంచి వెళ్లిపోతానంటోంది. వచ్చే శనివారం వచ్చి అందరికీ బై చెబుతుందట. మీరు అనుభవంతోనే చెప్పి ఉంటారు. కానీ తను చాలా ఏడ్చింది సార్." మామూలుగా అయితే ఇరవయ్యారేళ్లవాణ్ణి అంకుల్ అన్నందుకు వారం రోజులు అద్దం చూసుకునేవాణ్ణి. ఆ రోజు ఆ సంగతే పట్టలేదు. ఏ అనుభవం? నాకు ఏ అనుభవం ఉందని ఆ పిల్ల నా మాట నమ్మి కలం కింద పెట్టేసింది? అన్నం సహించలేదు. సిగ్గేసింది, అంతే, దానికి వేరే మాట లేదు.

మర్నాడు ఆదివారం చర్చికి వెళ్లాను. ఆరాధన చివర, కొత్తగా వచ్చినవాళ్లు లేచి పరిచయం చేసుకోవాలని పాస్టర్ గారు అడిగారు. నా ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు. కూతుర్ని చూడ్డానికి వచ్చాడట, బాపట్ల వైపు. మనవరాలి స్వెట్టరేమో, చేతులు మోచేతుల దాకానే వచ్చాయి. "ప్రభువు నామంలో అందరికీ వందనాలండీ. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. పాటలంటే నాకు పిచ్చి. గొంతు లేదు. అయినా పాడతాను" అని, ఎవరూ అడక్కుండానే ఒక చరణం ఎత్తుకున్నాడు. నిజంగానే గొంతు లేదు. రెండో లైనులోనే పాట ఒకవైపు, ఆయన ఒకవైపు అయ్యారు. చర్చి మొత్తం చప్పట్లతో ఆయన్ని అందుకుంది. పియానో వాయించే అమ్మాయి వెతుక్కుని వెతుక్కుని ఆయన శ్రుతి పట్టుకుంది. ఆయన పాడినంతసేపూ నాకు తల ఎత్తాలనిపించలేదు.

తరువాత భోజనాల దగ్గర పేపరు ప్లేటు పట్టుకుని ఆయన పక్కన చేరాను. "అంకుల్, గొంతు లేదని ముందే ఎందుకు చెప్పేశారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పాడాక ఎట్టాగూ తెలుస్తుందిగా బాబూ! ముందే చెప్పేస్తే ఇంక బయపడేదానికి ఏముంది? హాయిగా పాడుకోవచ్చు." ఆ తరువాత నా ప్లేటువైపు చూసి, "ఆ వడ తినవా? నాకియ్యి" అని తీసేసుకున్నాడు.

శనివారం పొద్దున్న అన్నతో చెప్పాను, ఇవాళ ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానని. ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. అంత గాభరా పడటం నేనెప్పుడూ చూడలేదు. "పిచ్చి లేసిందార? బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడ లేదాయె, ఎందుకు ఊకె బయటపడుడు? వెర్షన్లని జెప్పు, నేను జూస్కుంట!" "అన్నా, ఆ పిల్ల రాయడం మానేస్తోంది" అన్నాను. "గట్లనా? గది నాకు జెప్పలే నువ్వు" అని, తన కుర్చీ తెచ్చుకుని తెరకి కనపడకుండా నా పక్కనే కూర్చున్నాడు.

ఆ రోజు కిటికీకి ఎదురుగా కూర్చున్నాను. అడ్మిన్ అక్క "పాప మాట్లాడుతుంది" అనబోతుంటే, "ఒక్క నిమిషం అక్కా, ముందు నేను నా పరిచయం చేసుకోవాలి" అన్నాను. "మొన్న పంపింది నా పరిచయం కాదు. ప్లెయిన్స్‌బరోలో ఉంటాను. ఇరవయ్యారేళ్లు. ఒక్క కథ రాశాను. ఇంతవరకు ఎవరూ చదవలేదు. పన్నెండు కథలన్నది అబద్ధం, ఒకే కథని పన్నెండుసార్లు రాశాను. ఏ పత్రికా నాకు జవాబు కూడా ఇవ్వలేదు. పాపా, నీ కథకి నేను పెట్టిన కామెంట్లు నాకేదో తెలుసని పెట్టినవి కాదు, తెలిసినట్టు కనపడాలని పెట్టినవి. నన్ను క్షమించు."

ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత పెట్టింది. చివరికి అడ్మిన్ అక్క నోరు విప్పింది. ఈసారి సార్ లేదు. "మేమందరం ఒక్కటి కూడా అచ్చవలేదని సిగ్గు విడిచి చెప్పుకుని చేరామండీ ఇక్కడ. ట్రైన్‌లో ఆఫీస్‌కి వెళ్తూ మీ మాటలు గుర్తు తెచ్చుకుని నోట్ చేసుకున్నాను నేను. పాత్ర లోతుగా రావాలంట! నా కథ మూడుసార్లు తిరగరాశాను తెలుసా?" నేను తల వంచుకున్నాను. తీసెయ్యడం ఖాయం అనుకున్నాను. నా కథ ఇక ఎప్పటికీ ఆ ఇన్సూరెన్స్ ఫోల్డర్‌లోనే ఉండిపోతుందనీ, నాకు అదే తగినదనీ కూడా అనుకున్నాను.

అప్పుడు ఫ్రీమాంట్ పాప తెరకి దగ్గరగా వచ్చింది. "వెయిట్. మీరు అంకుల్ కాదా?"

"కాదమ్మా."

"ఒక్క స్టోరీనేనా?"

"ఒక్కటే."

"ఎవరూ చదవలేదా? లైక్, ఎవరూనా?"

"ఎవరూ."

"నాకు పంపండి. నేను చదువుతా." ఆ పిల్ల నవ్వకుండానే ఇంకో మాట అంది. "నేను కూడా కామెంట్స్ పెట్టొచ్చా?"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. అడ్మిన్ అక్క నవ్వకూడదని చాలా ప్రయత్నించింది. "పాప ఒప్పుకుంది కాబట్టి సరే. కానీ కొత్త సభ్యుడిగా మళ్లీ చేరాలి. ఈసారి రూల్స్ చదివి చేరాలి. ఇప్పుడే. అందరి ముందు. పైకి" అంది. మూడు పేజీలూ పైకి చదివాను. పదిహేనుమంది విన్నారు. తెర వెనక అన్న కూడా విని, "రూల్స్ మంచిగనే రాసిన్రు" అని గొణిగాడు.

మంగళవారం ఆఫీసులో మీటింగులో ఉండగా పాప దగ్గర నుంచి కథ తిరిగొచ్చింది. నలభై రెండు కామెంట్లు. నాకంటే ఒకటి ఎక్కువ ఉండాలని లెక్కపెట్టి మరీ పెట్టింది. "టైపు మిషన్ కలర్ ముందే చెప్పాలి." "ఆయన కళ్లజోడు రెండుసార్లు తుడిచాడు, ఒకసారి చాలదా?" "రిబ్బన్ అయిపోతే ఏమవుతుందో ఆలోచించారా?" మీటింగులో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించి బయటికి వచ్చేశాను. నలభై రెండోది పదో పేజీలో ఉంది. ముప్పై ఏళ్లు ఊరందరి అర్జీలూ కొట్టిన ఆయన, తన పెన్షన్ కోసం తన అర్జీ తనే కొట్టుకోవాల్సి వచ్చి, కాగితం ఎక్కించి, మొదటి లైను ఎలా మొదలుపెట్టాలో తెలియక కూర్చుండిపోయే చోటు. అక్కడ ఆ పిల్ల రాసింది: "ఇక్కడ ఏడ్చాను. ఎందుకో తెలీదు. దీన్ని ఏమీ చెయ్యొద్దు, ప్లీజ్. నా స్టోరీకి కూడా ఇలాంటి కామెంట్ ఒక్కటి పెట్టాల్సింది మీరు."

మెట్ల మీద కూర్చుని ఆ కామెంట్ ఎన్నిసార్లు చదివానో! నా కథ ఒకరు చదివారు. చదివి ఏడ్చారు. ఆ సంతోషం, ఆ చివరి మాట పెట్టిన చురక, రెండూ ఒకేసారి తగిలాయి. అక్కడే కూర్చుని ఫోన్‌లో ఆ పిల్లకి రాశాను. క్యాంటీన్‌లో ఎలా నవ్వానో, ఎవరు తిరిగి చూశారో, నాన్న దణ్ణం పెడతానన్న చోట నాకు మా నాన్న సైకిల్ నేర్పిన రోజు ఎలా గుర్తొచ్చిందో, నాకు కుళ్లు వచ్చిన సంగతితో సహా, అంతా రాశాను. వేళ్లు నొప్పి పుట్టాయి. మూడు పేజీల కథకి నాలుగు పేజీలయ్యింది. సాయంత్రానికి గుంపులో ఆమె కథ మళ్లీ కనిపించింది. సీట్ బెల్ట్ రెండుసార్లే ఉంది. కారు రంగు ఎక్కడా లేదు.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్లు. పాపకి ఇప్పుడు ఉద్యోగం, సొంత కారు, అచ్చయిన కథలు కూడా ఉన్నాయి. నేను ఏం రాసినా ముందు తనకే పంపుతాను. నన్ను ఇప్పటికీ అంకుల్ అనే అంటుంది. ఇప్పుడు నా జుట్టు చూస్తే ఎవరూ కాదనరు కాబట్టి నేనూ ఊరుకుంటున్నాను. రెజ్యుమే అన్న పెద్ద మేనేజరయ్యాడు, ఇప్పుడు ఆయన దగ్గరికి రెజ్యుమేలు వస్తే తెలివిగా వడబోస్తాడట. (ఎవరు ఎక్కడ పెంచారో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?) మొన్న పక్క ఊళ్లో తెలుగువాళ్లు కథల సభ పెట్టుకుని, నన్ను మాట్లాడమని పిలిచి, పరిచయం పంపమన్నారు. అన్నకి ఆ సంగతి ఎలా తెలిసిందో ఏమో, వెంటనే ఫోన్. "పదహారేండ్ల అనుభవం వెయ్యి తమ్మీ. ఇప్పుడైతే నిజమే గద!" నిజమే, కాదనలేకపోయాను. ఫోన్ పెట్టేశాక కూర్చుని, అచ్చయిన నా కథలన్నీ లెక్కపెట్టాను. తరువాత ఆ సభవాళ్లకి ఆ పాత పరిచయమే పంపాను. ఊరు, ఉద్యోగం, కథలు రాస్తాను, మీరు చదువుతారా అని. "ఎవరూ చదవలేదు" అన్న ఒక్క మాట మాత్రం తీసేశాను, అది ఇప్పుడు అబద్ధమవుతుంది కనుక. ఎన్ని కథలో రాయలేదు. లెక్కకి తొమ్మిది తేలాయి. ఆ సోఫా మీద కూర్చుని, వద్దు అనడానికి నోరు సగమే తెరిచిన ఆ కుర్రాడు చెప్పిన అబద్ధానికి నేనింకా మూడు కథల దూరంలో ఉన్నాను.